సున్నా చూపించిన అర్ర

శివరాత్రి వెళ్ళిన వారానికి మా ఎదురింటి బుచ్చయ్య డాబా మీద సెల్ టవర్ లేచింది. ఉగాది వెళ్ళిన వారానికి మా అఖిలకు తలనొప్పి మొదలైంది. ఈ రెండింటికీ ముడి వేయడానికి నాకు పెద్ద చదువేమీ అక్కర్లేకపోయింది. ముళ్ళు వేయడం మా ఇంటి విద్య.

మాది పోచంపల్లి దిక్కు. నేను పుట్టిందీ మెట్టిందీ మగ్గాల ఇళ్ళలోనే. మా మామ మార్కండేయులు మగ్గం వదిలి, మీర్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకొని ఇరవై ఏళ్ళు దాటినా ఆయన చేతులు ఊరుకోవు. ఊళ్ళో ఉన్న తమ్ముడి మగ్గానికి కావలసిన నూలు ఇక్కడే కట్టి, రంగు వేసి పంపిస్తాడు. రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి, రంగులో ముంచి తీస్తారు. ఆరాక విప్పితే కట్టు కింద నూలు తెల్లగా, ఏమీ ఎరగనట్టే ఉంటుంది. "కట్టు గట్టిగుంటె రంగు దిగనే దిగది" అంటాడు మామ. ఆ ఎండాకాలం నేను ఇంటికే కట్టు కట్టాలని బయల్దేరాను.

అఖిల అప్పుడు మూడో తరగతి. బడి నుంచి రాగానే సంచి అవతల పడేసి, రెండు చేతులా నుదురు పట్టుకొని గడప మీద కూలబడేది. ఆ గడపకు సూటిగా ఎదురుగా టవర్. ఇంకేం సాక్ష్యం కావాలి నాకు?

తిన్నగా బుచ్చయ్య దగ్గరికే పోయాను. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగి, ఇప్పుడు సొంత ఆటో నడుపుకొంటున్నాయన. నోరు పెద్దదే కానీ చెడ్డవాడు కాదు.

"కాకా, పిల్లలున్న గల్లీ ఇది. జర సోంచాయించొద్దా?" అన్నాను.

"ఏందమ్మా సోంచాయించేది? మొన్నటిదాంక సిగ్నల్ లేదని మీ ఆయన గేటు కాడ నిలవడి హలో హలో అని ఒర్రలేదా? ఇప్పుడు ఇంట్ల మంచం మీద ఒరిగి మాట్లాడుతుండు. కిరాయి నాకు, సిగ్నల్ మీకు. ఎవరికి నష్టం?"

"నా బిడ్డకు తలనొస్తుంది కాకా."

"దవాఖానల చూపియ్యి బిడ్డా" అన్నాడు. మంచి మాటే. నేను దాన్ని ఎగతాళి అనుకొని గేటు దబాలున వేసి వచ్చాను.

మా ఆయన క్రాంతికుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షోరూంలో సేల్స్‌మన్. పొద్దంతా పదిమంది ముందు చీరలు విప్పి మడిచి, మెట్రోలో నిలబడి వచ్చి, ఇంట్లో అడుగు పెట్టాక నోరు కూడా మడిచి పెట్టే మనిషి. ఆ రోజు మాత్రం నవ్వాడు.

"టవర్ సంగతి పక్కకు వెట్టు. పొద్దుమూకులు ఫోన్ చెవుకు అతికిచ్చుకునేది నువ్వే గద!"

అదీ నిజమే. చీరలకు కుచ్చులు అల్లే పని నాది. రంగుల ఫొటోలు, కొలతలు, బేరాలు, అన్నీ ఫోన్లోనే. ఆయన నవ్వు నాకు ఒళ్ళు మండించింది కానీ, మాట మాత్రం లోపల దిగబడింది. అంటే బయట టవరే కాదు, నా చేతిలోది కూడా నా బిడ్డను తింటోందన్నమాట.

ఆ సమయంలోనే ఉదయలక్ష్మి దగ్గరైంది. రెండిళ్ళ అవతల ఉండే గుంటూరు ఆవిడ. కుచ్చులకు చీర ఇవ్వడానికి వచ్చి, అఖిల నుదుటి మీద తడిగుడ్డ చూసి అక్కడే కూర్చుండిపోయింది.

"మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళండీ" అంది. "తల్లో గడ్డ. దేనివల్ల వచ్చిందో డాక్టర్లు చెప్పలేదు. వాళ్ళు చెప్పకపోతే మనమే వెతుక్కోవాలి కదండీ."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలోకి చూసినవాళ్ళెవరూ ఆవిడను మోసగత్తె అనరు. ఆవిడ వెతుక్కుంది. నాకూ నేర్పింది. ఫోన్ దిండు కింద పెట్టొద్దు. చెవికి ఆనించకుండా స్పీకర్ పెట్టి మాట్లాడాలి. పడుకునేముందు వైఫై ఆపేయాలి. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొద్దు. ఇవన్నీ ఇప్పటికీ చేస్తాం మా ఇంట్లో, అందులో తప్పేం లేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం ఆవిడ తన మీటర్ తీసుకొచ్చింది. సబ్బుపెట్టెంత ఉంటుంది. రేడియేషన్ ఎక్కువున్న చోట ఎర్రదీపం వెలిగి కీచుమంటుంది. ముందు గదిలో పెట్టగానే అరిచింది. మా పడగ్గదిలో ఇంకా గట్టిగా అరిచింది. వంటింట్లో కాస్త తగ్గింది. మా అత్త వజ్రమ్మ ముంజలు ఒలుస్తూ, "ఏందే, పిల్లికూనను తెచ్చినవా?" అని నవ్వింది. నాకు మాత్రం ఆ కీచుమన్నప్పుడల్లా ఎవరో నా బిడ్డను గిల్లుతున్నట్టే ఉంది.

చివరికి వెనకర్రలోకి పోయాం. ఇంటి వెనక, మూడు వైపులా పక్కిళ్ళ గోడలు ఆనుకొని ఉన్న గది అది. కిటికీ లేదు. మామ నూలు, రంగులు, రంగుమందులు అన్నీ అందులోనే. మీటర్ నోరు మూసుకుంది. పచ్చదీపం. అంకె సున్నా.

ఉదయలక్ష్మి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"దేవుడిచ్చిన గదండీ ఇది! మా అక్కకు ఇలాంటి గది ఒక్కటి ఉంటే..."

ఆవిడ మీటర్‌ను నా దగ్గరే వదిలి వెళ్ళింది. నేను ఆ రోజే మామ సామాను ఒక మూలకు జరపడం మొదలుపెట్టాను.

మామ గుమ్మంలో నిలబడి చూశాడు. కోడలితో గట్టిగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

"కిట్టమ్మా, మందులున్న అర్ర ఇది. పిల్లను ఇండ్ల పండవెట్టకు" అన్నాడు.

"మందులు ఒక్క రోజువా మామా? నేను పుట్టినప్పటిసంది చూస్తున్న. మా అమ్మ నన్ను రంగుబాన పక్కన తొట్లెల ఏసి నూలు కట్టింది. నాకేమైంది?"

"గప్పుడు నాలుగు దిక్కుల గాలి ఉండె బిడ్డా. గిక్కడ గాలేది?"

"గాలొస్తె దాంతోని రేడియేషన్ గూడ వస్తది. మీటర్ల సున్నా ఉంది, చూడు."

ఆయన చూడలేదు. మూలనున్న రేకుడబ్బా వైపు చెయ్యి చూపించాడు. "మిగతయి ఏమో గాని, హైడ్రోసు డబ్బ మాత్రం పైలం. తడి తగలొద్దు."

హైడ్రోసు అంటే ఉప్పులాంటి తెల్లపొడి. నీలిరంగు నీళ్ళలో కరగడానికి వేస్తారు. దాని మీద నాలుగు నీటిచుక్కలు పడితే తనంత తానే కాగి, పొగలు కక్కుతుంది. ఆ పొగ పీలిస్తే గుండెల్లో కారం పోసినట్టే. మగ్గాల ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అందుకే మామ దాన్ని చెక్కపలక మీద పెట్టి, మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి, ట్యూబు పీలికతో బిగించి ఉంచుతాడు.

ఎండాకాలంలో కిటికీ లేని గదిలో తడెక్కడిది? అయినా పిల్ల చేతికి అందకూడదని, నేనే స్టూలెక్కి ఆ డబ్బాను సజ్జ మీదికి ఎక్కించాను. ఎక్కిస్తుంటే కవరు మేకుకు తగిలి చీలింది. తర్వాత కొత్తది కడదామనుకున్నాను. నా చేతులతో నేను చేసిన పని ఇది. ఎవరి మీదా తోయను.

బడులకు సెలవులిచ్చారు. అఖిల మకాం వెనకర్రకు మారింది. బొమ్మలక్కడే, రంగుపెన్సిళ్ళక్కడే, మధ్యాహ్నం నిద్ర అక్కడే. కూలర్ తలుపు దగ్గర కాసేపు పెట్టి, చల్లబడ్డాక తీసేసి తలుపు వేసేదాన్ని. తలుపుకు లోపలి వైపు వంటింటి అల్యూమినియం ఫాయిల్ అతికించాను, గడియ, పిడి కూడా కప్పేసి. కింద సందులో అత్త పాత నూలుచీర చుట్టి దోపాను. "ఈ అర్రలకు ఎవరూ ఫోన్ తేవొద్దు, తలుపు బార్లా తెరిచిపెట్టొద్దు" అని చాటింపు వేశాను.

వారం తిరక్కముందే అఖిల తలనొప్పి పోయింది.

పూర్తిగా పోయింది! నుదురు పట్టుకోవడం లేదు, తడిగుడ్డ లేదు. నా సంబరం చూడాలి మీరు. మా ఆయన ముందు మీటర్ పెట్టి, "ఇప్పుడేమంటవ్?" అన్నాను. ఆయన ఏమంటాడు, బిడ్డ బాగుంటే ఏ తండ్రయినా ఏమంటాడు? అంతదాకా ఎగతాళి చేసిన మనిషి కూడా నా దారిలోకి వచ్చాడు. నాకప్పుడు కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పై నుంచి కూడా వస్తుందేమోనని ఉదయలక్ష్మి అనుమానం చెప్పింది. మే నెలలో ఒక ఆదివారం క్రాంతి కోళ్ళగూళ్ళకు వేసే ఇనుప జాలి తెచ్చి, వెనకర్ర నెత్తిన డాబా మీద పరిచాడు. గాలికి లేవకుండా డ్రిల్లు పెట్టి స్లాబులోకి మేకులు దింపాడు. మామ మెట్ల మీద నుంచి కేకేశాడు.

"స్లాబుకు తూట్లు వొడుస్తున్నవా? వానకాలమొస్తదిరా!"

"సిమెంటు వెట్టి పూడుస్త నాయినా" అన్నాడు ఈయన.

పెళ్ళిళ్ళ సీజన్. షోరూంలో సెలవే దొరకలేదు. సిమెంటు సంచి మెట్ల కింద అట్లాగే ఉండిపోయింది.

అఖిలకు దగ్గు పట్టుకుంది. పెద్ద దగ్గేం కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఖళ్ ఖళ్ అనేది. కూలర్ అన్నాను. మామిడిపళ్ళ వేడన్నాను. టవర్ అని కూడా అన్నాను. పిల్ల మొహం కూడా పాలిపోయింది. నీడలో ఉంటే నలుపు విరుగుతుందిలే అని మురిసిపోయాను, చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఒకరోజు మామిడిటెంక చీకుతూ ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, నేను బయటి అర్రలకు వస్తె సచ్చిపోతనా?"

"ఛీ, ఏం మాటలవి! సావవు. తలనొప్పి లేస్తది, గంతే."

"మరి నువ్వు సచ్చిపోతవా? నువ్వు ఆణ్ణే ఉంటవు గద."

దాని నోరు నీళ్ళతో కడిగి, మూతి తుడిచి, బొమ్మల పుస్తకం చేతికిచ్చి తలుపు వేశాను. ఎనిమిదేళ్ళ పిల్ల నుంచి అంత ప్రశ్న వస్తే ఆగి చూడాల్సింది కదా? నేను కాలితో చీర ఉండ సందులోకి తోసి కుచ్చులు అల్లుకోవడానికి పోయాను.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది, మేం మిరుగు అంటాం. ఆ రోజు చేప తినకపోతే మా అత్తకు ఏడాదంతా వెలితే. పొద్దున్నే పోయి కొర్రమట్ట తెచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో పులుసు కాగుతోంది. ఇల్లంతా చింతపండు, మెంతులు, చేపల వాసన. అఖిల వెనకర్రలో నిద్రపోతోంది. నేను పక్కన కూర్చొని విసురుతున్నాను.

ఉరిమింది. ఒక్కసారే చీకటైపోయింది.

"కిట్టమ్మా, నూలు!" మామ గొంతు. డాబా మీద ఆయన కట్టిన నూలు ఆరవేసి ఉంది, పక్కన మా బట్టలు. ఒక్క పరుగున లేచాను. బయటికొచ్చి తలుపు లాగాను. చీర ఉండను కాలితో తోశాను. ఎవరూ చెప్పక్కర్లేదు, కాలికే అలవాటైపోయింది.

మేం నూలు తీసేలోపే కుండపోత. ఇద్దరం వాటర్ ట్యాంకు కిందికి దూరాం. నూలు గుండెకు హత్తుకొని మామ నవ్వుతున్నాడు.

"మిరుగు నాడు వాన వడ్డది బిడ్డా! ఏడంతా సల్లగుంటది!"

నాకూ నవ్వొచ్చింది. మూడు నెలల ఎండ మీద పడ్డ మొదటి వాన. ఆ చల్లదనానికి కదలబుద్ధి కాలేదు. జాలి మీద నీళ్ళు నిలిచాయి. మేకుల చుట్టూ చిన్నచిన్న సుడులు తిరుగుతూ లోపలికి పోతున్నాయి. చూశాను. కళ్ళారా చూశాను. నీళ్ళు నిలవకుండా పోతున్నాయిలే అనుకున్నాను.

పావుగంట ఉన్నామేమో. వాన కొంచెం తెరిపి ఇవ్వగానే కిందికి దిగాం. వంటింట్లోంచి అత్త అంటోంది.

"ఏందోనే, అగ్గిపుల్లలు గీసినట్టు వాసనొస్తుంది. పులుసుల మెంతులు మాడినయా ఏంది?"

మామ ఆగాడు. ముక్కు పైకెత్తాడు. చేతిలోని నూలు తడినేల మీద పడిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అట్లా ఉరకడం నేను అంతకుముందు చూడలేదు.

తలుపు బయటికి తెరుచుకునే తలుపు. చీర ఉండ దాని కింద ఇరుక్కొని, అది రాలేదు. ఆయన ఒక కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. తెల్లటి పొగ మా మొహాన కొట్టింది. అఖిల చాప మీద లేదు. తలుపు పక్కనే, గోడకు ఆనుకొని ఒరిగి ఉంది. పిడి దొరకక తలుపంతా గీరినట్టుంది. గోళ్ళలో ఫాయిల్ ముక్కలు.

మామ పిల్లను నా చేతిలో పెట్టి మళ్ళీ లోపలికి పోయాడు. సజ్జ మీద కాగి కుతకుతలాడుతున్న డబ్బాను ఉత్త చేతులతో పట్టుకొని వాకిట్లోకి తెచ్చాడు. అది చూసే తెలివి నాకు అప్పుడు లేదు. అత్త అరుపులకు ఎదురింట్లోంచి బుచ్చయ్య ఉరికి వచ్చాడు. చినుకుల్లోనే తన ఆటో గుమ్మానికి తెచ్చిపెట్టి, "ఎక్కు బిడ్డా, ఎక్కు" అన్నాడు. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగకుండా హారన్ కొడుతూ, పాత బస్సు నడిపినట్టే నడిపాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకొని క్రాంతికి చెప్పింది కూడా ఆయనే. మొదటిసారికే కలిసింది ఫోన్.

దవాఖానలో డాక్టరమ్మ అడిగింది. "ఏం పీల్చింది?"

"మా ఎదురుంగ టవర్ ఉంది మేడం. శివరాత్రి తర్వాత వెట్టిండ్రు. అప్పటిసంది..."

"టవర్ కాదమ్మా. ఆ గదిలో ఏం ఉంది?"

నేను టవర్ గురించే చెబుతూ పోయాను. నోరు ఆగలేదు. చేతులకు కట్లు కట్టించుకుంటున్న మామ పక్క బల్ల మీద నుంచి లేచి, "హైడ్రోసు, మేడం. నీళ్ళు వడ్డయి" అని చెప్పాడు.

పదకొండు రోజులు ఉన్నాం అక్కడ. నాలుగు రోజులు ఆక్సిజన్. దేవుడి దయో, పిల్ల మొండితనమో, బతికింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఎదిగేకొద్దీ ఎంతవరకు బాగవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

పంపించే ముందు రోజు నర్సు అఖిలను నవ్వించాలని, ఎదురు గోడకున్న క్యాలెండర్ చూపించి, "ఈ రోజు ఏ తారీఖో చదువు, చాక్లెట్ ఇస్తా" అంది. అఖిల కళ్ళు చికిలించింది. మెడ ముందుకు చాచింది. "అక్షరాలు ముద్దగున్నయి" అంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"ఈమెకు తలనొప్పి వస్తుంటుందా?"

"వస్తుండె మేడం. ఎండాకాలంల పోయింది."

"బడి ఉన్నప్పుడు వచ్చి, సెలవుల్లో పోయిందా?"

నేను తలూపాను.

"బోర్డు కనిపించట్లేదమ్మా. కంటి డాక్టరుకు చూపించండి" అని, వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

బుచ్చయ్య ఆ రోజు గేటు దగ్గర చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. గోడకు తల కొట్టుకోవాలనిపించింది. అందరూ చూస్తున్నారని కొట్టుకోలేదు.

బళ్ళు తెరిచిన ఇరవై రోజులకు అఖిల బడికి పోయింది. కొత్త కళ్ళద్దాలు. సంచిలో ఇన్‌హేలర్. దాని తరగతి రెండో అంతస్తులో. మెట్ల మధ్యలో రెండుసార్లు కూర్చుంటుందని టీచర్ చెప్పింది. మామ వేళ్ళు మానాయి కానీ వంగవు. మిగిలిన నూలు, ట్యూబు పీలికలు ఊరికి పంపించేశాడు. ఉదయలక్ష్మి ఒకరోజు వచ్చి, అఖిల పక్కన కూర్చొని ఏడ్చి వెళ్ళింది. మీటర్ తీసుకుపోవడం మరిచిపోయింది, లేదా వద్దనుకుంది.

టవర్ అక్కడే ఉంది. క్రాంతి వెనకర్ర తలుపు మొత్తం ఊడదీసి పడేశాడు, మేకుల తూట్లు పూడ్చాడు.

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే ఆ మీటర్ కనిపించింది. ఎందుకు తీసుకున్నానో తెలియదు, పట్టుకొని వెనకర్రలోకి పోయాను. ఖాళీ గది. గోడ మీద పొగ మరక. బటన్ నొక్కాను. పచ్చదీపం వెలిగింది.

అఖిల నా వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. దాని ఊపిరిలోని ఈల నాకు వినిపిస్తోంది.

"ఎంత చూపిస్తుందమ్మా?"

"సున్నా బిడ్డా" అన్నాను.

అది అడుగు లోపలికి వేయలేదు. చెయ్యి ముందుకు చాపి, నా కొంగు పట్టుకొని బయటికి లాగింది.